మూడోసారి కాలిన లైటు

దయాకర్‌రావు ఎమర్జెన్సీ లైటును యాదవ్వ బల్ల మీద పెట్టిండు. అది కాలిపోయి రావడం మూడోసారి.

"ఇగ చాలు. నీ మొగడు లింగమూర్తి ఉన్నప్పుడు ఎన్నడన్న గిట్లయ్యిందా? వచ్చే నెల మడిగె ఖాళీ చెయ్యి. పని తెలిసినోనికి ఇస్త."

హుజూరాబాద్ బస్టాండు పక్కనున్న ఆ రిపేరు దుకాణపు మడిగె దయాకర్‌రావుదే. లింగమూర్తి పోయి ఆరేండ్లు. అతని పుస్తకాలు కూడబలుక్కొని చదివి, అతని మీటరు పట్టుకొని, యాదవ్వ ఆ బల్ల కాడనే పని నేర్చింది. మొగణ్ని కాటికి సాగనంపింది, ఇద్దరు బిడ్డలను అత్తగారిండ్లకు సాగనంపింది. ఈ బల్లను మాత్రం విడిచేది లేదనుకున్నది.

లైటు మూత విప్పింది. బ్యాటరీ నికరంగ ఆరు వోల్టులున్నది. బ్యాటరీ నిండంగనే చార్జింగు ఆపే సర్క్యూటు పలక మాడింది, అదీ గోడ కరెంటు లోపలికొచ్చే దిక్కున. మూడుసార్లూ అక్కడనే.

"తప్పు దీంట్ల లేదు సారూ. మీ ఇంట్ల చూడాలె."

"మా ఇంట్లనా? పా, చూస్కో. ఏం దొరక్కపోతే రేపే తాళమేస్త."

ఆయన ఇంటికి పోయి, లైటు పెట్టే ప్లగ్గుల మీటరు తీగలు పెట్టింది. రెండు వందల ముప్పై. ఉండాల్సినంతనే ఉన్నది. దయాకర్‌రావు చేతులు కట్టుకొని నవ్విండు.

"ఏ యాళ్లకు కాలుతున్నదమ్మా?" అని ఆయన భార్య సరళాదేవిని అడిగింది.

"పొద్దుగాల, సారు తానానికి నీళ్లు కాగేటప్పుడు. గప్పుడు ఈ బల్బు సుత పెండ్లి పందిరి లెక్క వెలుగుతది."

"జర హీటరు వెయ్యిండ్రి."

మీటరు ముల్లు లేచింది. రెండు వందల ఎనభై, మూడు వందల ఇరవై. పైన బల్బు తెల్లగ మండింది. హీటరు బంద్ చేయించి, మీటరు బోర్డు కాడికి పోయి చూసింది. కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగ వదులుగ వేలాడుతున్నది.

"దీన్నెవలు ముట్టిండ్రు?"

జీతగాడు హనుమండ్లు తల గోక్కున్నడు. "మూడు ఫేజులల్ల ఒక ఫేజు పోయినప్పుడల్లా తీగలు ఇంకో ఫేజుకు మార్చుమంటడు సారు. మార్చంగ మార్చంగ దీని స్క్రూ ఊడింది. చేత్తోని మెలిపెట్టిన."

"నువ్వు నోర్మూయి," అన్నడు దయాకర్‌రావు. గొంతు తగ్గించి, "యాదవ్వా, గీ మాట కరెంటోళ్ల చెవిల పడనియ్యకు. మడిగె సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత లేదు సారూ."

యాదవ్వ మెయిన్ బంద్ చేసి, మూడు ఫ్యూజులూ పీకి సంచిలేసుకున్నది.

"హీటరు కరెంటుకు పోయే తొవ్వ లేక లైటు మీద పడుతున్నది. ఆ పలక బ్యాటరీని కాపాడుతది గాని మీ ఇంటి కరెంటును ఆపుతదా? లైన్‌మన్‌ను పిలిచి తీగ బిగిపియ్యిండ్రి. అటెనక మడిగె కాడికొచ్చి ఫ్యూజులు తీస్కపోండ్రి. నేను ఆడనే ఉంట. వచ్చే నెల గూడ ఆడనే ఉంట."

"అందాక ఫ్యాను ఎట్ల?" అన్నడు దయాకర్‌రావు.

సరళాదేవి ఆయన చేతిల విసనకర్ర పెట్టింది.