ఐదు ఖాళీ గడులు

విమ్మర్ కార్ఖానాలో దినచర్య అరచేతితో మొదలయ్యేది. జర్మనీలోని డెగ్గెన్‌డార్ఫ్ ఊరి శ్మశానవాటికకు ఎదురుగా ఉన్న ఆ కార్ఖానాలో సమాధి ఫలకాలు చెక్కుతారు. ముందురోజు చెక్కిన ఫలకాలను లారీ ఎక్కించే ముందు ఎవరో ఒకరు ప్రతి రాతి మీదా చెయ్యి ఆనించి చూడాలి. పేరు సరిగా పడిన రాయి వెచ్చబడుతుంది. మరీ వేడి కాదు, నిద్రలేచిన పసివాడి నుదురంత. పేరులో తేడా ఉన్న రాయి చల్లగానే ఉండిపోతుంది. దానిని గోడవారగా నిలబెట్టి కాగితాలు మళ్ళీ చూస్తారు. పోయిన వేసవిలో ఒక రైతు ఫలకం ఎంతకీ వెచ్చబడలేదు. ఊరందరూ ఆయనను జెప్ అని పిలిచేవారని తమ్ముడు వచ్చి చెప్పాక, ఆ పిలుపును బాప్తిస్మపు పేరు కింద చెక్కితే మధ్యాహ్నానికల్లా దారికొచ్చింది. ఆ వాటికలో రాళ్ళ మీద మంచు నిలవదు. చలికాలమంతా ఊరి పిల్లులు అక్కడే పడుకుంటాయి. ఇందులో వింత ఉన్నదని ఎవరికీ తోచలేదు.

ఫలకాల మీది అక్షరాలను కంప్యూటర్‌లో పేర్చే పని లీలది. ఆ ఊరి కళాశాలలో చదువు ముగించాక కోరుకున్న ఉద్యోగం దొరకక, దొరికిన ఈ పనిలో మూడేళ్ళు గడిపింది. నల్ల రాళ్ళు చాలావరకు ఆమె సొంత జిల్లా నుంచే, చీమకుర్తి గనుల నుంచే ఓడల్లో వచ్చేవి. ఆ సంగతి ఆమె ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు. రైలు దూరంలోని గార్చింగ్‌లో ఉద్యోగంలో చేరిన భర్త, తెలుగువాడే అయిన మైకేల్, ఆమెకూ అక్కడే ఒక ఉద్యోగం చూశాడు. నవంబరులో చేరాలి. కార్ఖానాలో ఇవి ఆమె చివరి వారాలు.

అక్టోబరు అక్కడ ఊపిరి సలపని నెల. నవంబరు ఒకటిన, సకల పరిశుద్ధుల పండుగ నాడు, పాదిరిగారు వాటికంతా తిరిగి సమాధుల మీద తీర్థం చల్లుతారు. ఆనాటికి ఏ సమాధీ రాయి లేకుండా ఉండకూడదన్నది ఊరి పట్టింపు. ఆ హడావిడిలోనే అనహిత్ అనే ఆర్మేనియన్ ముసలావిడ వచ్చింది. గడియారాలు బాగుచేసే భర్త హ్రాంత్ వేసవిలో పోయాడు. పండుగ మర్నాడు కొడుకు వచ్చి ఆమెను హాంబర్గ్‌లోని వృద్ధాశ్రమానికి తీసుకుపోతాడు. ఆలోగా భర్త రాయి వెచ్చబడటం ఆమె కళ్ళారా చూడాలి. ఆ పేరు ఆర్మేనియన్ అక్షరాలలోనే ఉండాలి.

"ఇక్కడ వాటిని చదివేవారెవరమ్మా?" అన్నాడు కార్ఖానా యజమాని విమ్మర్.

"ఆయన చదువుకుంటాడు," అంది అనహిత్.

విమ్మర్ తల గోక్కున్నాడు. "నేను చేస్తాను," అంది లీల. ఎవరూ అడగకుండానే అంది.

మొదట మాటల మధ్యలో పొరపాటున "మామ్మగారూ" అని పిలిచింది. ముసలావిడ ఆ పిలుపు బాగుందని ఉంచేసుకుంది. తాను మాత్రం "లీలా జాన్" అనేది. ప్రియమైన వారిని వాళ్ళు అలా పిలుస్తారట.

అనహిత్ ఫోనులో పేరు చక్కగా కనిపించింది. దాన్ని తీసి కార్ఖానా కంప్యూటర్‌లో పెట్టగానే ఐదు ఖాళీ గడులయింది. అక్షరం తెలియని యంత్రం ఆ అక్షరం ఉండవలసిన చోట గడి గీసి ఊరుకుంటుంది. లీల ఫాంట్ల కోసం వెతికింది. మొదట దొరికినదానిలో పెద్దక్షరాలే ఉన్నాయి. రెండోది పాతకాలపుది. ఇంగ్లీషు అక్షరాలకు ఆర్మేనియన్ ముఖాలు తగిలించి ఎవరో చేసినది, దానిలో పేరు పిచ్చిగీతలయింది. మూడోది ఒక విశ్వవిద్యాలయం ఉచితంగా పెట్టినది. దానిలో ఐదు అక్షరాలూ నిటారుగా నిలబడ్డాయి. అనహిత్ తెరకు ముఖం ఆనించి చూసి, "ఆఖరిదాని కొక్కెం ఆయన రాత లాగే ఉంది," అంది. ఆ తరువాత కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

మిగిలింది ఒక్క పని. రాతికి అంటించే పొరలో అక్షరాల అచ్చు కోసే యంత్రం షెడ్డులో ఉంది, దానికి వేరే కంప్యూటర్. దానిలో ఆ ఫాంటు లేదు. అందుకని పంపేముందు అక్షరాలను గీతలుగా మార్చాలి. అప్పుడు ఏ యంత్రమైనా వాటిని బొమ్మల్లా కోస్తుంది. మూడేళ్ళుగా లీల ఒక్కసారీ మరవని పని అది. సరిగ్గా ఆ వేళకు మైకేల్ ఫోన్ చేశాడు.

"ఏందే, ఇంకా ఆ రాళ్ళ కొట్టులోనే ఉండావా? బాడుగకి ఆ వోనుంగ్ చూసేదానికి టెర్మిన్ టైము దొరికింది. గురువారం. ఇద్దరూ రావాలంట."

"గురువారమా? పండగ ముందు కదండీ, పని పీకలదాకా ఉంది."

"రాళ్ళకేం తొందర? వాటికింద పడుకున్నోళ్ళు యాడికీ పోరు."

"మీ నోటికి అడ్డూ ఆపూ లేదు."

"బాల్కనీ ఉందంట లీలా. మీ అమ్మ పంపిన కరివేపాకు మొక్క పెట్టుకోవచ్చు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఫైలును షెడ్డుకు పంపింది.

మర్నాడు ఉదయం ఫలకం మీద చెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. కిందికి చూసింది. నల్లరాతిలో ఒకే వరుసన ఐదు చతురస్రపు గుంటలు. రాతికి ఆ పొర అంటించి, తెరిచిన చోట ఇసుకను గాలితో కొట్టి చెక్కే ఆలోయిస్ గడుల లోపలి పొరంతా ఒలిచేయడంతో అవి మరింత లోతుగా పడ్డాయి.

"చూసి కూడా చెప్పలేదేం?" అంది లీల.

"నాకేం తెలుసు?" అన్నాడు ఆలోయిస్. "మొన్నొకసారి నీ భాష రాసి చూపించావు, అన్నీ సున్నాలే. సరే, వీళ్ళవి గడులేమో అనుకున్నాను."

కోపగించుకోవడానికి ఆమెకు చోటు మిగలలేదు.

విమ్మర్ రాతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. అది చిన్న ఫలకం. గడులు, కింద తేదీలు పోగా గోరంత జాగా లేదు. గరుకు గుంటలలో పొర అంటదు. దీన్ని అరగదీయాలన్నా, మరో ఫలకం నునుపు చేయించాలన్నా పాలిష్ కర్మాగారం వసంతం దాకా కొత్త పని తీసుకోదు.

"ఇప్పటికి ఇదే నిలబెడదాం," అన్నాడు. "పండుగనాడు చోటు ఖాళీగా ఉండకూడదు."

అనహిత్‌కు ఆ మాట చెప్పవలసింది లీలే. ఆమె పక్కకు జరిగి రాయి చూపించింది. ముసలావిడ గడులను చూసింది. రాతి మీద చెయ్యి పెట్టింది.

"చల్లగా ఉన్నాడు," అంది. "బతికినన్నాళ్ళూ చలికి ఓర్వలేని మనిషి."

"తప్పు నాది, మామ్మగారూ."

అనహిత్ రాతి మీదికి వంగింది. మొదటి గుంటలో చూపుడువేలు పెట్టి, పెదవులు కదుపుతూ ఒక అక్షరం రాసింది. తరువాత రెండోది. ఐదోది పూర్తయ్యేసరికి రాయి వెచ్చబడింది. షెడ్డు పిల్లి వచ్చి దాని పక్కన చుట్టుకుంది. ఆ సాయంత్రం దాకా వెచ్చగానే ఉంది. తెల్లవారేసరికి మళ్ళీ చల్లారిపోయింది.

పండుగనాడు తీర్థపు చుక్కలు అన్ని రాళ్ళ మీదా ఆవిరయ్యాయి, హ్రాంత్ రాతి మీద కూడా. పొద్దున్నే వచ్చి అనహిత్ రాసి ఉంది. అంతకుముందే, చీకటితో, లీల ఒక్కతే వచ్చింది. అచ్చు తీసిన కాగితం చూస్తూ ఒక్క గీత పోకుండా ఐదు అక్షరాలూ రాసింది. రాయి ఉలకలేదు.

మర్నాడు కొడుకు కారు వాటిక గేటు ముందు ఆగింది. "ఒక రాయి కోసం ఎవరైనా ఉండిపోతారా అమ్మా?" అన్నాడు, తల్లి సంచి వెనక సీటులో పెడుతూ. అతను పుట్టింది ఇక్కడే. ఆ అక్షరాలు అతనికి రావు.

అనహిత్ అతని మాట వినిపించుకోలేదు. "లీలా జాన్, ఇలా రా. నిన్న నువ్వు రాశావు కదూ? మంచు మీద నీ అడుగులు చూశాను. వెచ్చబడిందా?"

"లేదు."

"నువ్వు బొమ్మ గీశావు. పిలవాలి."

ముసలావిడ ఆమె చేతి తొడుగు తీసి, చూపుడువేలు పట్టుకుని మొదటి గుంటలో పెట్టింది. లీలకు మార్కాపురం పలక గుర్తొచ్చింది. నాన్న వెనక కూర్చుని వేలు పట్టుకుని దిద్దించినప్పుడు కూడా రాతి నలుపు ఇంతే. ఒక్కొక్క అక్షరానికీ అనహిత్ ఒక ధ్వని పలికింది, లీల తిరిగి పలికింది. హ్రాంత్. మళ్ళీ దిద్దారు. మళ్ళీ. నాలుగోసారికి వేలికింద రాయి మెల్లగా, అయిష్టంగా, వెచ్చబడింది.

"వసంతం దాకానేగా," అంది అనహిత్. కారు ఎక్కాక వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ రాత్రి లీల మైకేల్‌కు ఆ మాటే చెప్పింది. వసంతం దాకానే ఇక్కడ ఉంటానని.

"పొద్దున్నే పేరు రాసి రైలెక్కి రావచ్చు కదా?"

"ఆ రైలెక్కితే పనివేళకు అందుకోలేనండీ."

"ఎవరో ముసలాయన కోసం నా పక్కన ఉండకుండా పోతావా?"

ఆమె ఫోను మరో చెవికి మార్చుకుంది. చివరికి అతను "అన్నం తిన్నావా?" అని ఫోన్ పెట్టేశాడు. గార్చింగ్ ఉద్యోగం మరొకరికి పోయింది. బాల్కనీ ఇల్లు కూడా. కరివేపాకు మొక్క కార్ఖానా కిటికీలో ఆకులు రాల్చింది.

సంక్రాంతి నాటి చలిలో పాలిష్ కర్మాగారం మూతపడింది. విమ్మర్ టోపీ తీసి, "వేరే చోటు చూడాలి. ఈ ఏడు కుదరకపోవచ్చు," అన్నాడు. తరువాతి వారం హాంబర్గ్ నుంచి అనహిత్ కొడుకు ఫోన్ చేశాడు. అమ్మ బాగానే తింటోంది, పాటలు పాడుతోంది. నాన్న పేరు చెబితే మాత్రం ఎవరతను అని అడుగుతోందట.

"మీకు అక్కడ ఇబ్బందిగా ఉంటే మానేయండి," అన్నాడతను మర్యాదగా. "అమ్మకు తెలియదు ఇక."

లీల సరేనంది.

తెల్లవారి వాటికలో రాళ్ళన్నీ తడితడిగా నల్లగా మెరుస్తున్నాయి. ఒక్కదాని మీద మాత్రం మంచు పేరుకుని ఉంది. ఆమె దానిని మోచేతితో తుడిచింది, తొడుగు తీసింది. ఆ మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ అక్షరాలతో రాసిన మరో మాట ఏదీ ఆమె చదవలేదు. ఆ పేరును అలా పిలవగలిగినవారు ఇప్పుడు మరెవరూ లేరు. గేటు దగ్గర పిల్లి ఆగి ఎదురుచూస్తోంది. ఆమె మొదటి గడిలో వేలు పెట్టి పిలిచింది.