రెండో బెల్లు తర్వాత

మంచులో ముందు అడుగులు వినిపిస్తాయి. తర్వాత పిల్లలు కనిపిస్తారు.

గేటు దగ్గర నిలబడి వింటాను. చెప్పుల చప్పుడు, సంచిలో డబ్బా చప్పుడు, ఒక దగ్గు, ఒక నవ్వు... ఆ తర్వాత తెల్లదనంలోంచి ఒక రిబ్బను, ఒక మోకాలు, ఒక మొహం.

ఒక్కొక్కరే.

మా బడిలో ఒక్కో టీచరుకి ఐదుగురు పిల్లల్ని అప్పగించారు. రాకపోతే ఫోన్ చేయాలి. ఫోన్ ఎత్తకపోతే ఇంటికి వెళ్ళాలి. ఎందుకు రాలేదని గద్దించకూడదు, రావడానికి ఏం కావాలో అడగాలి. పోయిన ఏడాది నా క్లాసులో ఒక పిల్ల చనిపోయాక వచ్చిన పద్ధతి ఇది. స్టాఫ్ రూములో ఎవరు ముందుకొస్తారని అడిగితే మొదట చెయ్యెత్తింది నేనే. అందరూ మెచ్చుకున్నారు.

ఎందుకెత్తానో ఎవరూ అడగలేదు.

నా ఐదుగురిలో నలుగురు వచ్చేశారు.

ఐదో పిల్లని అందరూ రెండో బెల్లు అంటారు. తోటిపిల్లలు పెట్టిన పేరు. పొద్దున్నే నాయనమ్మకి ఒళ్ళు తుడిచి, మాత్రలు వేసి, టీ తాగించి, అప్పుడు బయల్దేరుతుంది. మొదటి బెల్లుకి ఎప్పుడూ అందదు. రెండో బెల్లుకి ఎప్పుడూ తప్పదు. రెండు బెల్లుల మధ్య ఆ పావుగంట ఆలస్యాన్ని ఒప్పుకోమని హెడ్మిస్ట్రెస్‌గారితో మూడుసార్లు మాట్లాడాను. మూడోసారి ఆవిడ "సరేనమ్మా, నీ పోరు పడలేను" అన్నారు.

రెండో బెల్లు కొట్టారు.

మంచు. ఎక్కడో కాకి అరుపు. మళ్ళీ మంచు.

అడుగులు లేవు.

అటెండరు హాజరు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. రెండో బెల్లు కాగానే అది ఆఫీసుకి వెళ్ళిపోవాలి. ఒక్క గడి ఖాళీగా ఉంది.

"వేసేయండి టీచర్‌గారూ. మా ఆవిడ అలగడమన్నా ఒక పూట మానుతుందేమో గానీ, ఈ పిల్ల బడి మానదు. ఇదిగో, ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఊడిపడుతుంది."

నవ్వాడు. నేనూ నవ్వబోయాను.

అతని జాలి నాకు అర్థమైంది. వానాకాలంలో నాయనమ్మ మంచం పట్టినప్పుడు ఈ పిల్ల నెలకి పైగా రాలేదు. మానింది ఆ ఒక్కసారే. నూటికి డెబ్బై అయిదు రోజులు ఉంటేనే పరీక్ష. సరిగ్గా అంచుమీద ఉంది. ఇంకొక్క రోజు తగ్గితే ఏడాది పోతుంది.

పెన్ను మూత తీశాను.

ఒక చిన్న గీత. అంతే.

పోయిన ఏడాది కూడా అంతే.

ఆ పోయిన పిల్ల వెనక బెంచీలో కూర్చునేది. పైకి చదవమంటే గొంతు పెగిలేది కాదు. పిల్లలు నవ్వేవారు. ఒక్కసారి — ఒక్కసారే — నేనూ నవ్వాను.

సోమవారం రాలేదు. హాజరు వేశాను. మంగళవారం రాలేదు. వేశాను. బుధవారం కూడా. డెబ్బై అయిదు తగ్గకూడదని. ఇంట్లో తిట్లు పడకూడదని. గురువారం పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా మాట్లాడదామని.

బుధవారం సాయంత్రం వాళ్ళమ్మ వచ్చింది. రోజూలాగే పొద్దున బడికని బయల్దేరిన పిల్ల ఇంకా ఇంటికి రాలేదంది.

ఆఫీసులో రిజిస్టరు తెరిచారు. అందులో పిల్ల ఉంది.

ఉంది కాబట్టి బడి వదిలాకే తప్పిపోయిందన్నారు. బడికీ ఇంటికీ మధ్య వెతికారు. బజారు వెతికారు. బస్టాండు వెతికారు. నేనూ వాళ్ళతోపాటు వెతికాను. నోట్లో మాట ఉంది. పిల్ల దొరికాక చెబుదామనుకున్నాను. దొరుకుతుంది కదా... దొరికాక.

మర్నాడు క్వారీ గుంటలో కనిపించింది. ఎవరూ వెతకని వైపు.

రాతి అంచు పట్టుకుని చాలాసేపు... అని డాక్టరు ఏదో చెప్పబోయాడు. వాళ్ళ నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

రిజిస్టరులో ఆ మూడు రోజులూ ఆ పిల్ల ఇప్పటికీ బడిలోనే ఉంది.

"టీచర్‌గారూ..." అటెండరు.

ఆబ్సెంట్ వేశాను.

"అయ్యో, అదేంటమ్మా! పిల్లకి ఏడాది పోదూ?"

"పోతే పోయింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఫోన్ చేశాను. నాయనమ్మ ఎత్తింది.

"ఎప్పుడో బయల్దేరింది కదమ్మా! ఈ మంచులో మీ బడే ఎటో నడిచి వెళ్ళిపోయిందేమో, ఒకసారి చూసుకోండి."

నేను నవ్వలేదు.

అవతల కూడా నవ్వు ఆగిపోయింది.

"అమ్మా... పిల్ల మీ దగ్గర లేదా?"

లేదని చెప్పాను. ఆ ఒక్క మాట. పోయిన ఏడాది నుంచి నోట్లో ఉన్న మాట.

నడిచాను. పరిగెత్తాలని ఉంది, కాలు ఎక్కడ పడుతుందో కనిపించడం లేదు. చెట్లు లేవు, గోడలు లేవు, ఆకాశం లేదు. చెయ్యి చాపితే వేళ్ళు లేవు.

లారీల కాటా దగ్గర రోడ్డు చీలుతుంది. ఒకటి బడికి. ఒకటి క్వారీకి. కాటా మనిషి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎవరూ? టీచరమ్మా? మంచిది, ఈ పొద్దు లారీని కూడా కళ్ళతో చూడలేదు నేను. తూచి, బరువుని బట్టి లారీయే అయ్యుంటుందనుకుంటున్నా."

"ఒక పిల్ల ఇటు వచ్చిందా?"

అతని మొహం మారింది.

"చూడలేదమ్మా. విన్నాను. చిన్న అడుగులు. ఉరుకుతున్నట్టు." చెయ్యెత్తి చూపించాడు. "అటు."

బడి వైపు కాదు.

ఆ దారి నాకు తెలుసు. పోయిన ఏడాది తర్వాత ఒక్కసారీ నడవని దారి. కంచె వేస్తామన్నారు. రాళ్ళు పేర్చి వదిలేశారు.

పిలవాలి. పేరు పెట్టి పిలవాలి. రోజూ పిలిచే పేరే.

గొంతు పెగల్లేదు.

ఒక అడుగు. ఇంకో అడుగు. కాలికి తగిలి ఒక రాయి దొర్లింది. దొర్లుతూ పోయింది... చప్పుడు ఆగింది... చాలాసేపటికి, ఎక్కడో కింద, నీళ్ళు.

ఆగిపోయాను. ఆ నీళ్ళ చప్పుడు ఒక రాయిదేనా? అంతకుముందు ఇంకేమన్నా పడిందా? ఎంతసేపయింది? ఎవరన్నా రాతి అంచు పట్టుకుని...

"ఎవరు?"

సన్నని గొంతు. నా ఎడమ పక్కన. కింద నుంచి కాదు — నేల మీద నుంచి.

సంచి ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, ఒక బండ మీద కూర్చుని ఉంది. జుట్టు మీద మంచు తడి. పెదవులు నల్లబడ్డాయి. ఆ బండకి అవతల తెల్లదనం తప్ప ఏమీ లేదు.

"బెల్లు వినిపించింది టీచర్. అన్ని వైపుల నుంచీ వినిపించింది. ఎటు పరిగెత్తాలో తెలీలేదు. నడిస్తే ఇంకా తప్పిపోతానని కూర్చున్నా."

చెయ్యి పట్టుకుని లేపాను. గట్టిగా పట్టుకున్నానేమో, "నొప్పి టీచర్" అంది. వదల్లేదు.

కాటా వైపు నడిచాం. పక్కపక్కనే. ఆ పిల్ల అడుగులు, నా అడుగులు. కాసేపటికి అడిగింది.

"రిజిస్టరు వెళ్ళిపోయిందా టీచర్?"

"వెళ్ళిపోయింది."

"మరి నాకు?"

"ఆబ్సెంట్ వేశాను."

ఆగింది. నా వేళ్ళలోంచి చెయ్యి లాక్కుంది.

"నేను మానలేదు కదా టీచర్... తప్పిపోయాను కదా." ఏడవకుండా ఉండాలని చూస్తోంది. "నా వైపు ఉంటానన్నారు కదా మీరు."

ఉంటాననే చెప్పాను. హెడ్మిస్ట్రెస్‌గారితో నాలుగోసారి మాట్లాడతానన్నాను. అర్జీ రాస్తానన్నాను. వింటారో లేదో తెలియదన్నాను. అదీ చెప్పాను.

"వెయ్యకపోతే మీ నాయనమ్మకి తెలిసేది కాదు. నాకూ వెతకాలని తెలిసేది కాదు. బడిలో ఉన్న పిల్లని ఎవరూ వెతకరమ్మా."

తల వంచుకుని విన్నది. చెప్పు కొసతో నేల గీసింది. ఏదో ఆలోచిస్తోంది. లెక్క అర్థమవుతున్నప్పుడు పిల్లల నుదురు ముడిపడుతుంది — అలా.

మంచు మా మధ్యకి వచ్చింది. మొహం మసకబడింది. గొంతు మాత్రం దగ్గరగానే ఉంది.

"మరి పోయిన ఏడాది ఆ అక్కకి కూడా ఆబ్సెంట్ వేశారు కదా టీచర్... వెతికినా దొరకలేదా?"

నోరు తెరిచాను.

చల్లగా, మంచు లోపలికి వెళ్ళింది.