స్టూలు ఆగిన గుమ్మం

లేదమ్మా, మా ఆయన మారలేదు. స్టేజీ మీద కూర్చోబెట్టి చప్పట్లు కొట్టిన రోజూ అలాగే ఉన్నాడు, మొహం మీద తలుపేసిన రోజూ అలాగే ఉన్నాడు. నాకే ఒళ్ళు మండేది.

పొద్దున్నే లేచి కొట్టు తీసేవాడు. నేల ఊడ్చి, అద్దం తుడిచి, కత్తిని తోలుపట్టీ మీద నాలుగుసార్లు లాగి, మోకాళ్ళ మీద కూర్చునేవాడు. పెద్ద ప్రార్థనేం కాదు. నాలాగే చదువు లేదు కదా. "ప్రభువా, వాక్యం చెప్పడం నాకు రాదు. పాట పాడితే పిల్లలు నవ్వుతారు. గడ్డం గీయడం ఒక్కటే వచ్చు. దాంతో నీకేమన్నా పనుంటే చెప్పు" అనేవాడు.

ఒకరోజు పోస్టుమ్యాన్‌కి సగం గడ్డం గీశాడో లేదో, మూలనున్న చెక్క స్టూలు లేచి గుమ్మం దాటి రోడ్డెక్కింది. టక్కు టక్కుమని పోతోంది. ఈయన కత్తీ, సబ్బూ, గిన్నే సంచీలో పడేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని దాని వెనకే పోయాడు. అది రెండు వీధులు దాటి ఓ ఇంట్లోకి వెళ్ళింది. అక్కడ ఓ ముసలి మేష్టారు ఆరు నెలలుగా మంచం మీదున్నాడు. పుండ్లు పడి వాసనొస్తోందని సొంతవాళ్ళే దగ్గరికి పోవట్లేదు. స్టూలు మంచం పక్కన నిలబడింది. ఈయన దాని మీద కూర్చుని వేణ్ణీళ్ళడిగి, గడ్డం గీసి, మెడ తుడిచి, ప్రార్థన చేసి వచ్చాడు. పోస్టుమ్యాన్‌కి మిగతా సగం మధ్యాహ్నం గీశాడు. పాపం, అంతసేపూ సగం నురగతో ఉత్తరాలు పంచాడు.

ఇంక అదే వరస. వారానికి రెండుసార్లో మూడుసార్లో కదిలేది. "ఏం బాబాయ్, ఇవాళ నీ స్టూలు ఎటు?" అని వీధిలోవాళ్ళు పలకరించేవాళ్ళు. బస్సెక్కితే కండక్టరు కసిరేవాడు, "సీటు కింద నిలబడమను పెద్దాయనా, కాళ్ళకి తగులుతోంది!" అని.

అలా ఉండగా ఓ కుట్టుపని ఆవిడ అన్నం మానేసి, గోడవైపు తిరిగి పడుకుంది. ఈయన వెళ్ళి చిక్కులు తీసి, జుట్టు కత్తిరించి, ప్రార్థన చేస్తే, లేచి కూర్చుని పాలడిగింది. నెల తిరక్కుండా మిషను తొక్కింది. ఇంక చూడు!

మా అన్న మా చర్చికి సంఘపెద్ద. ఇనప సామాన్ల కొట్టాయన. ఆదివారం ఈయన్ని స్టేజీ ఎక్కించింది ఆయనే. స్టూలుకి వార్నీషు కొట్టించి, ఎర్ర ముఖమల్ గుడ్డ కప్పించి, "మా బావకి స్వస్థపరిచే వరం వచ్చింది" అని మైకులో చెప్పాడు. ఒకటే చప్పట్లు. మా ఆయన లేచి, "నేను జుట్టు కత్తిరించానండీ. లేపింది నేను కాదు" అని కూర్చున్నాడు. అంతే మాట్లాడింది. మా అన్న మొహం మాడిపోయింది. మర్నాడు స్టూలు ముఖమల్ గుడ్డని కుక్క నీళ్ళు దులుపుకున్నట్టు దులిపేసి, మళ్ళీ వీధిన పడింది.

ఆ తర్వాత స్టూలు వెళ్ళిన ఇళ్ళల్లో వరసగా నలుగురు పోయారు. పోరా మరి? దగ్గర కూర్చునే దిక్కు లేని మనిషి ఎక్కడుంటే అక్కడికే కదా అది పోయేది. చప్పట్లు కొట్టినవాళ్ళే, "అది గుమ్మం తొక్కితే మనిషి దక్కడు" అన్నారు. టక్కు టక్కు వినిపిస్తే చాలు, తలుపులు ధడేలుమని వేసేవాళ్ళు. మా అన్నయితే, ఈయన్ని ఎవరూ ఇళ్ళకి రానివ్వద్దని కాగితం రాసి, సంతకం పెట్టి, చర్చి గోడకి అంటించాడు. కొట్టుకొచ్చేవాళ్ళూ తగ్గిపోయారు.

"మానెయ్యండి. పరువు పోతోంది" అన్నాను.

"మెచ్చుకున్నారని మొదలెట్టానా, తిట్టారని మానెయ్యడానికి?" అన్నాడు.

ఓ సోమవారం స్టూలు మా అన్న ఇంటి ముందు ఆగింది. నెల్లాళ్ళుగా మా అన్న గది దాటి రావట్లేదు. మా మీద కోపమనుకున్నాం. మా వదిన చీపురుతో అడ్డం నిలబడింది.

"మా ఇంట్లో చావు చూడాలని వచ్చావా?"

"లేదక్కా, గడ్డానికొచ్చాను."

"ఎవరు పిలిచారు నిన్ను?"

ఈయన మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి వచ్చాడు. మర్నాడూ అంతే. మూడో రోజు బకెట్టెడు నీళ్ళు మీద పోసింది. తడిసిన చొక్కాతో నవ్వుతూ వచ్చి, "స్నానం అయిపోయిందే, టీ ఇవ్వు" అన్నాడు.

నాలుగో రోజు ఆయన లేవకముందే స్టూలుని బట్టలారేసే తాడుతో కిటికీ ఊచకి కట్టేశాను. చెప్పుకోడానికి సిగ్గేస్తుంది గానీ, నేనూ నమ్మాను. నాకున్నది ఒక్కడే అన్న. ఈయన వచ్చి చూశాడు. "నువ్వూనా?" అన్నాడు. కూర్చుని ముడులన్నీ నెమ్మదిగా విప్పాడు.

"మా అన్న మిమ్మల్ని రమ్మనలేదు కదా!" అని ఏడ్చాను.

"రమ్మన్నది మీ అన్న కాదే" అని సంచీ తీసుకుని వెళ్ళాడు. ఉండబట్టలేక నేనూ వెనకే వెళ్ళాను.

ఆ రోజు లోపల్నుంచి మా అన్న గొంతు వినిపించింది. "రానివ్వవే! రోజూ ఆ టక్కు టక్కు విని చచ్చేకంటే, వచ్చాకే చస్తాను!"

వెళ్ళాం. కిటికీలన్నీ మూసున్నాయి. గడ్డం మొహమంతా అడ్డదిడ్డంగా పెరిగింది, మెతుకులు అందులోనే ఎండిపోయున్నాయి. కుడిచెయ్యి తడిగుడ్డలా ఒళ్ళో పడుంది. అది పడిపోయి నెలయిందట. ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో ఒట్టు వేయించుకున్నాడట. మంచం దగ్గరికి ఎవరొచ్చినా అరిచి తరిమేస్తున్నాడట. స్టూలు వెళ్ళి ఆ చెయ్యి పక్కనే నిలబడింది.

"నేను పోతానా బావా?" అన్నాడు మా అన్న, చిన్నపిల్లాడిలా.

"తెలీదు బావా. గడ్డం మాత్రం బాగా పెరిగింది."

సబ్బు రాశాడు. కత్తి ఆనించాడో లేదో మా అన్న వెక్కివెక్కి ఏడుపు. "ఈ చేత్తోనే కదా నీ మీద ఆ కాగితం రాసింది..."

"ఊరుకో బావా, కదిలితే తెగుతుంది."

గీయడం అయ్యాక మొహం తుడిచి, చొక్కా గుండీలు పెట్టి, పడిపోయిన ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ప్రభువా, ఈయన మొండితనం నీకూ తెలుసు, నాకూ తెలుసు. చెయ్యి సంగతి నువ్వు చూసుకో. గడ్డం సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. మా వదిన చీపురు గోడకానించి, ఆమెన్ అంది.

తిరిగొస్తుంటే స్టూలు కదల్లేదు. రెండుసార్లు పిలిచాడు. మంచానికి ఆనుకునే ఉండిపోయింది. "సరే, ఉండనీ" అని ఒట్టి చేతులు ఊపుకుంటూ నా పక్కనే నడిచొచ్చాడు. అన్నేళ్ళలో నాతో సమంగా నడవడం అదే. ఎప్పుడూ దాని వెనకేగా పరుగు.

మా అన్న చెయ్యి ఇప్పటికీ లేవలేదు. ఎడమచేత్తో కత్తి పట్టడం నేర్చుకుని, స్టూలు వెనక తిరుగుతున్నాడు. ఇప్పటికి ఇద్దరికి చెవి కింద కోశాడు. జనం తిడతారు. సాయంత్రం నా దగ్గర కూర్చుని, ఎవరెవరు ఏమేం తిట్టారో వరసపెట్టి చెప్పుకుని, పొద్దున్నే మళ్ళీ పోతాడు.

అన్నకి గడ్డం గీసొచ్చిన ఆ రాత్రి మా ఆయన అన్నం తిని, కత్తి తుడిచిపెట్టి, త్వరగా పడుకున్నాడు. నాకు నిద్ర ఎక్కడిది? స్టూలు అక్కడే ఉండిపోయింది కదా, అన్న ఇంటి నుంచి ఏ క్షణాన కబురొస్తుందోనని తలుపువైపే తిరిగి పడుకున్నాను. ఒక్కసారన్నా ఆయనవైపు తిరిగి చూళ్ళేదు.

పొద్దున్నకి మా అన్న ఉన్నాడు. మా ఆయన నిద్రలోనే పోయాడు.