రంగు మీద బిగించిన ఎర్తు

సబ్బులకు కాగితం చుట్టే యంత్రానికి ఒక టచ్ స్క్రీన్ ఉంది. నాలుగు నెలలుగా అది ఒక్క మనిషి మాటే వింటోంది. మిగతావాళ్ళు ఆపమని నొక్కితే వేగం పెంచేది, వేగం పెంచమంటే భాష మార్చేది. పెద్దక్క వచ్చి నొక్కితే మాత్రం బుద్ధిగా పనిచేసేది.

పెద్దక్కకు ఏభై ఆరేళ్ళు. శుక్రవారం ఒకరిని తీసేస్తామని మేనేజరు చెప్పినప్పుడు అందరూ ఆవిడవైపే చూశారు, ఆ వెంటనే స్క్రీన్‌వైపు చూసి తలలు తిప్పుకున్నారు. ఆవిడను పంపేస్తే దాన్ని నొక్కేదెవరు? ఆ సంగతి ఆవిడకూ బాగా తెలుసు. ఆ వారం కాస్త మెడ నిటారుగా పెట్టుకునే తిరిగింది.

చిక్కల్లా ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ ఆవిడ సొంత అల్లుడు కావడమే. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బస్సులో వస్తారు, గేటు దాటాక మాత్రం ఎవరికి వారే. మంగళవారం ఎవరూ ముట్టుకోకుండానే యంత్రం మొదలై రెండు వందల సబ్బులు నేలమీద పోసింది. అతను మీటరు పట్టుకుని వచ్చి, అత్తగారు నొక్కుతుంటే కాసేపు చూశాడు. ఆవిడ కుడిచేత్తో నొక్కుతున్నంతసేపూ ఎడమచెయ్యి స్క్రీన్ బిగించిన ఇనపపెట్టె మీదే ఆనించి ఉంచుతోంది. ఆ చెయ్యి ఒకసారి తియ్యమన్నాడు. తీసింది. స్క్రీన్ భాష మార్చేసింది.

ఇంకేముంది, దొరికిపోయింది. మీటరు ఒక కొస పెట్టెకూ, ఇంకో కొస గోడ దగ్గర భూమిలోకి దిగే ఎర్తు పట్టీకీ పెడితే అంకె నూరు వోల్టులు దాటింది. ఇన్నాళ్ళూ ఆ పెట్టెకు అత్తగారి చెయ్యే ఎర్తు అన్నమాట. ఎర్తు వైరు ఉంది, బోల్టూ ఉంది. నాలుగు నెలల కిందట తనిఖీకి ఎవరో వస్తున్నారని మేనేజరు పెట్టెలన్నిటికీ రంగు వేయించి, కొత్త రంగు మీద గీత పడితే ఊరుకోనన్నాడు. ఈ అల్లుడు మహానుభావుడు ఆ మాటకు కట్టుబడి వైరును రంగు మీదే బిగించాడు. రంగులోంచి కరెంటు పోదని పరీక్షలో రాసి పాసైన మనిషి మరి.

చెయ్యి పెట్టినప్పుడు ఏమైనా అనిపిస్తోందా అని మెల్లగా అడిగాడు. చీమలు పాకినట్టుంటుందని ఆవిడ అంది. శుక్రవారం దాకా దాని జోలికి పోవద్దని కూడా అంది.

"అత్తయ్యా, ఇవాళ చీమలే. లోపల ఏదైనా వైరు తొక్క ఊడిందంటే కరెంటంతా మీ ఒంట్లోంచే పోతుంది. కింద చూస్తే నీళ్ళు."

"మూడు రోజులే కదా బాబూ. ఈ ఉద్యోగం పోతే నేనేం కావాలి?"

నిజం చెప్పొద్దూ, అతను సరేననబోయాడు. ఆవిడ ఉద్యోగం తన చేతుల మీదుగా పోతే ఇంట్లో ఏ మొహం పెట్టుకుని కూర్చుంటాడు? ఆఖరికి, ఇన్ని నెలలు చీమలు పాకుతుంటే ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాడు.

ఆవిడ పెట్టె తలుపు మీద అంటించిన కార్డు చూపించింది. ఎర్తు బిగింపు చూశానని నెలకొకటి చొప్పున నాలుగు సంతకాలున్నాయి. నాలుగూ అతనివే. ఒక్కసారైనా పానా బయటికి తీసిన పాపాన పోలేదు.

"భయమేసింది బాబూ. కానీ మా అల్లుడు చూసే సంతకం పెట్టాడు కదా, ఇంకేమవుతుందిలే అనుకున్నాను."

సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. షిఫ్టు మధ్యలోనే మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. జనం గోల పెట్టినా వినలేదు. బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా రంగు గీకి, వైరు బిగించి, కరెంటిచ్చి మళ్ళీ మీటరు పెట్టాడు. సున్నా. తర్వాత కార్డు మీద నాలుగు సంతకాల పక్కనా "చూడలేదు" అని రాశాడు.

ఆ రోజునుంచి స్క్రీన్ అందరి మాటా వింది, మేనేజరు మాటతో సహా. శుక్రవారం ఎవరిని తీసేశారో కాగితం అంటించారు. అందులో పేరు పెద్దక్కది కాదు. కార్డు చదివాక మేనేజరుకు ఎంపిక తేలికైపోయింది. రంగు సంగతి ఆయన ఎత్తలేదు.

ఆ సాయంత్రం అత్తగారు కూతుర్ని పిలిచి ముందు అల్లుడికి వడ్డించమంది.

ఆదివారం పొద్దున్నే అతను ఇంట్లో స్విచ్‌బోర్డులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. మూడు బోర్డులకు ఎర్తు వైరే లేదు. పెళ్ళైన కొత్తలో ఆ వైరింగు చేసింది అతనే. అత్తగారు టార్చి పట్టుకుని పక్కన నిలబడి, నాలుగోది కూడా విప్పమంది.