గట్టి గుండె

నేను ఒక బల్లను. నా మీద అన్నం తిన్నవాళ్లు లేరు, పాఠం రాసుకున్నవాళ్లూ లేరు. మనిషిని పడుకోబెట్టి, నడుముకూ మోకాళ్లకూ తోలు పటకాలు బిగించి, పక్కనున్న చక్రం తిప్పితే మెల్లగా నిలువునా లేస్తాను. అప్పుడు రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, రక్తపోటు పడబోతుంది. దాన్ని నిలబెట్టడానికి గుండె ఏం పాట్లు పడుతుందో చూడటానికే నన్ను చేశారు. విజయనగరంలో ఒక వడ్రంగి టేకు పలక చెక్కాడు, ఒక కమ్మరి ఇనుప చట్రమూ, పాదాలు ఆనడానికి ఇనుప రేకూ బిగించాడు. దీని మీద ఏ రోగులు పడుకుంటారని కమ్మరి అడిగితే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లేనని చెప్పారట. అతను చాలాసేపు నవ్వాడు.

మెడికల్ కాలేజీ ప్రయోగశాలలో మొదటి పదిహేనేళ్లూ నా మీద మగపిల్లలే పడుకున్నారు. అది ప్రొఫెసర్ గారి నియమం. "ఆడవాళ్ల లెక్క వారానికో తీరుగా ఉంటుంది, ముసలివాళ్లది ఎటూ తేలదు. నికరమైన లెక్కకు కుర్రాడే కావాలి" అనేవారు. ఆ కుర్రాళ్ల లెక్కతో గోడకు ఒక పటం కట్టి, దానికి 'మానవ హృదయ స్పందన' అని పేరు పెట్టారు. సగానికి పైగా మనుషుల్ని గుమ్మం బయటే నిలబెట్టి, మిగిలినవాళ్లను మానవులనడం మనుషులకే చెల్లింది.

అప్పుడు ట్యూటర్‌గా హైమావతి వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లు, మొండిఘటం. ప్రొఫెసర్ గారు భోజనానికి వెళ్లిన వేళ తానే నా మీద పడుకుని చక్రం తిప్పించుకుంది. కుర్రాళ్లకైతే రక్తనాళాలు బిగుసుకుని సర్దుకునేవి. ఈమెకు గుండే పరుగందుకుంది, నాడి నిమిషానికి నూట పద్దెనిమిది! కళ్లు బైర్లు కమ్మినా నవ్వుతూనే దిగింది. ఇక వయసు మళ్లినవాళ్లు కావాలి.

రోజూ నన్ను తుడిచే పైడమ్మ కనిపించింది. అరవై రెండేళ్ల మనిషి. పటకాలు బిగిస్తుంటే, "ఏటమ్మా, పాడె కట్టినట్టు కడతన్నావు?" అని నవ్వింది. పడుకున్నప్పుడు రక్తపోటు నూట యాభై. నిలబెట్టాక నూట పద్దెనిమిది. నాడి మాత్రం డెబ్బై రెండు నుంచి డెబ్బై నాలుగు, అంతే.

"నీది గట్టి గుండె పైడమ్మా! మా కుర్రాళ్లకన్నా నయం."

"మరేటనుకున్నావమ్మా! ముగ్గురు పిల్లల్ని మోసిన గుండి."

హైమావతి నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో 'గట్టి గుండె' అని రాసుకుంది. నా వీపుకు ఆనుకున్న పైడమ్మ కాళ్లు వణకడం నాకు తెలుస్తూనే ఉంది. చెప్పడానికి నాకు నోరు లేదు.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం పైడమ్మ గొంతుక్కూర్చుని నేల తుడుస్తూ గభాలున లేచింది. కళ్లు తిరిగి పడిపోయింది. నా ఇనుప రేకు అంచు ఆమె ఎడమ డొక్కలో బలంగా తగిలింది. ఆ దెబ్బ నాదే. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నా అలవాటు కాలేదు.

ఆ తర్వాత జరిగింది, మర్నాడు నా అంచున కూర్చుని హైమావతి ప్రొఫెసర్ గారికి చెబుతుంటే విన్నాను. అత్యవసర విభాగంలో రక్తపోటు నూట పన్నెండు, నాడి డెబ్బై ఆరు వచ్చాయి. అక్కడి డాక్టరు, లోపల రక్తం పోతుంటే నాడి పరుగెత్తాలి కదా అన్నాడు. హైమావతి కూడా, "ఈమెది గట్టి గుండె, నేను చూశాను" అంది. పక్కన బండి మీంచి పడ్డ కుర్రాడికి నాడి నూట ముప్పై. అతన్ని ముందు లోపలికి తీసుకెళ్లారు. అతను బతికాడు. పైడమ్మ ప్లీహం చితికి, లోపలే నెత్తురు కారి, సాయంత్రం నాలుగింటికి పోయింది.

"నూట పన్నెండు ఆవిడ లెక్క కాదు సార్. ఆవిడది నూట యాభై. వయసైన గుండెకు ఆపద ముంచుకొచ్చినా పరుగెత్తడం చేతకాదు. నా పుస్తకంలో నేనే రాసుకుని, దాన్ని బలం అనుకున్నాను."

ప్రొఫెసర్ గారు లేచి వెళ్లి గోడ మీది పటం తీసేశారు.

హైమావతి నా రేకు అంచుకు మెత్తటి గుడ్డ చుట్టి కుట్టింది. తర్వాత ముప్పై మూడేళ్లు ఆడవాళ్లనూ, ముసలివాళ్లనూ నా మీద నిలబెట్టి లెక్కలు రాసింది. వయసెంత, ఆడా మగా, మామూలుగా రక్తపోటు ఎంత ఉంటుంది అని అడక్కుండా నాడిని నమ్మొద్దని ప్రతి బ్యాచికీ చెప్పింది. కొందరు గుర్తుపెట్టుకున్నారు. కొందరు పరీక్షలో రాసి మరిచిపోయారు.

ఇప్పుడు కరెంటుతో లేచే బల్ల వచ్చింది. నన్ను విరిగిన స్టూళ్లతో పాటు సామాన్ల గదిలో పడేశారు. నిన్న హైమావతి పదవీ విరమణ సభ ముగించుకుని, ఈ ఏడాదే చేరిన ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. తనకిప్పుడు అరవై రెండేళ్లు నిండాయి. పూలదండ తీసి పక్కన పెట్టి నా మీద పడుకుంది. ఆ అమ్మాయి చక్రం తిప్పింది. తుప్పుకు మూలుగుతూ లేచాను.

"ఎంతమ్మా నాడి?"

"ఇందాక డెబ్బై, ఇప్పుడు డెబ్బై మూడు మేడమ్. అసలు కదల్లేదు. మీది గట్టి గుండె మేడమ్!"

హైమావతి ఒక్కసారిగా భోరుమంది. భుజాలు ఎగసిపడుతున్నాయి, కన్నీళ్లు కింద నా ఇనుప రేకు మీద పడుతున్నాయి. ఆ అమ్మాయి భయపడి మణికట్టును మరింత గట్టిగా పట్టుకుని, మళ్లీ లెక్కపెట్టింది. డెబ్బై మూడే ఉంది.