ఎర్రబిళ్ళ మీట

నేను ఒక మైక్రోవేవ్ పొయ్యిని. పొయ్యినంటే నవ్వుతావేమో నాయనా, మంట లేదు, బూడిద లేదు. కానీ మా రత్నం నన్ను పొయ్యి అనే పిలిచేది, కాబట్టి నాకదే పేరు.

పుట్టిన చోటు సరిగా గుర్తు లేదు. పొడుగాటి షెడ్డు, వరసగా నాలాంటివాళ్ళం వందమందిమి. ఒకమ్మాయి నా తలుపు నాలుగుసార్లు తీసి మూసి, బాగుందని వీపు మీద కాగితం అంటించింది. మొదట కొన్నవాళ్ళు మూడు వారాలు పేలాలు వేయించుకుని, తర్వాత నా నెత్తిన పాత పేపర్లు దొంతర పెట్టారు. మనుషులకి కొత్త ముచ్చట అంతసేపే. బదిలీ రాగానే అనకాపల్లి బజారులో మస్తాన్ రిపేరు దుకాణంలో వదిలేసి పోయారు.

అక్కణ్ణించి నన్ను సైకిలు వెనక తాడుతో కట్టి, ఎక్కితే కుదుపుతుందని ఇంటిదాకా నడిపించుకుంటూ తెచ్చినవాడు సన్యాసిరావు. బెల్లం కొట్లో కాటా వేసేవాడు. ఆయన భార్య నూకరత్నానికి చేతులు వణుకు. ఒకనాడు గ్యాసు వెలిగిస్తుంటే చెంగు అంటుకుంది. ఆనాటి నుంచి ఆమెని స్టవ్వు ముట్టనివ్వలేదాయన. పొద్దున్నే తానే వండి పెట్టి కొట్టుకి పోయేవాడు. మధ్యాహ్నం ఆమె వేడి చేసుకుని తినడానికి నేను.

రత్నానికి చదువు రాదు, అంకెలూ రావు. ఆ సంగతి ఆయనకొక్కడికే తెలుసు, తర్వాత నాకు తెలిసింది. నా మీటలన్నీ నున్నటి రేకు మీద రాతలేనాయె. మొదటిరోజు ఆమె బిక్కమొహం వేస్తే, ఆయన ఆమె నుదుటి ఎర్ర బొట్టుబిళ్ళ తీసి నా వేడి మీట మీద, డబ్బీలోంచి పచ్చది తీసి ఆపే మీట మీద అంటించాడు.

"ఎర్రబిళ్ళ నొక్కితే ఏడి. పచ్చబిళ్ళ నొక్కితే ఆగిపోద్ది. అంతే రత్నం, పెద్ద సదువేటి?"

"మరి నా మొహాన?"

"నువ్వింకోటి ఎట్టుకో. డబ్బీ నిండా ఉన్నాయి గదా."

తొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి. ఊడిపోతే ఆమే కొత్తది అంటించేది, పొద్దున్న తాను పెట్టుకుంటూ నాకూ ఒకటి.

ఒకరోజు కాటా దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు సన్యాసిరావు. పదకొండో రోజున ఆయన అక్క పైడమ్మ ఏడుస్తూనే ఇల్లంతా తిరిగింది. రత్నం నుదుటిది తీసింది. గోడ అద్దానికున్నవి గీకింది. వంటింట్లోకి వచ్చి నన్ను చూసి ఆగింది. నాకూ మొగుడు పోయాడనుకుందో ఏమో, నా ఎర్రదీ పచ్చదీ కూడా పెరికి తడిగుడ్డతో తుడిచింది. చెడ్డమనిషని అనుకోకు. తమ్ముణ్ణి పోగొట్టుకుంది, ఆ చేతులకి ఏదో ఒక పని కావాలి.

చోడవరం తన ఇంటికి రమ్మంది. రత్నం కదలనంది.

"క్యారేజీ ఆవిడ కూడు తెస్తాది వదినా. ఏడి సేసుకుని తింటాను. ఆయన తిరిగిన ఇల్లు. నన్నిక్కడే ఉండనీ."

"సర్లే. నాలుగు రోజులుండి సూస్తాను," అంది పైడమ్మ.

ఇంక చూడు నా పాట్లు. రత్నం ఇన్నేళ్ళూ రంగు చూసి నొక్కింది తప్ప చోటు గుర్తుపెట్టుకోలేదు. ఆ వణికే వేళ్ళు నా మొహమంతా తడుముకుని, పక్కనున్న మంచు కరిగించే మీట మీద వాలేవి. దీపం వెలిగేది, పళ్ళెం తిరిగేది, నేను గుర్రుమనేదాన్ని. కానీ ఆ మీట నొక్కితే నేనిచ్చే వేడి చంటిపిల్ల ఊపిరంత. పాలు చల్లగానే ఉండేవి. కూర మీద నూనె పేరుకున్నట్టే ఉండేది.

పైడమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని కంచం పక్కకి జరిపింది. "మిషను పాడైందా, నీకు మతి తప్పిందా?"

"మిషనే వదినా."

ప్లగ్గు తీసి పెట్టారు. తలుపు అదిమి మూశారు. లోపలంతా తుడిచారు. చివరికి మస్తాన్‌కి కబురు పెడుతూ పైడమ్మ తేల్చేసింది. "మిషను పాడైతే బాగు సేయించి ఎలిపోతాను. పాడవ్వకపోతే నువ్వే నాతో వస్తావు. నిన్నిలా ఒంటిగా ఒదిలి నాను పడుకోలేను."

మస్తాన్ వచ్చి గ్లాసుడు నీళ్ళు లోపల పెట్టాడు. రత్నం గుమ్మం పట్టుకుని, పెదాలు కదుపుతూ నూకాలమ్మకి మొక్కుతోంది. ఏమని మొక్కిందో నాకు తెలుసు. నేను చెడిపోయి ఉండాలని. నేనూ అదే మొక్కాను తల్లీ. ఏదైనా తీగ తెగిపోతే బాగుండునని, ఆ గ్లాసు చుట్టూ తిరుగుతున్నంతసేపూ ఏడ్చాను.

నీళ్ళు సలసలా మరిగాయి.

"బంగారంలా ఉందమ్మా," అన్నాడు మస్తాన్. "మీరు ఏ మీట నొక్కుతున్నారు?"

రత్నం దగ్గరికొచ్చి వేలు చాపింది. అది నా మీద ఎక్కడా ఆగలేదు. "ఇక్కడ… ఎర్రబిళ్ళ ఒకటి ఉండేది బాబూ."

"ఇంకా బిళ్ళలెందుకే నీకు," అంది పైడమ్మ. కసిరి కాదు, మెల్లగానే అంది.

రత్నం వేలు వెనక్కి తీసుకుంది. చదువు రాదని చెప్పుకోలేక, బొట్టుబిళ్ళ కావాలని అడగలేక, ఆ గ్లాసు మీది ఆవిరిని చూస్తూ నిలబడింది. ఆవిరి అణిగాక చీరలు మడత పెట్టుకోవడానికి లోపలికెళ్ళింది.

నన్ను మస్తానే పట్టుకుపోయాడు. ఇప్పుడు మళ్ళీ ఆ దుకాణంలోనే, పాత మిక్సీల పక్కన ఉన్నాను. రత్నం చోడవరంలో ఎవరు వేడి చేసి పెడితే తింటోందో తెలీదు. నా మీట మీద ఎర్రబిళ్ళ ఊడిన చోట కంటికి కనపడనంత జిగురు మిగిలింది. దానికి బజారు దుమ్ము అంటుకుని గుండ్రంగా, బొట్టంత మేర నల్లబడింది. కొనడానికి వచ్చినవాళ్ళు మరక అనుకుని గోటితో గీకుతారు.

నేను వదలను.