తల్లి వృత్తి

"రేపు అక్కడ నువ్వేం మాట్లాడకు. అడిగితే నవ్వు, చాలు" అన్నారాయన.

అప్పుడు నేను మా అమ్మాయి చిట్టి తెల్ల సాక్సులకు ఇస్త్రీ చేస్తున్నాను. సాక్సులకు ఇస్త్రీ ఏమిటని నన్ను అడగకండి. ఆయన చెప్పారు, చేస్తున్నాను. పొద్దున ఐదింటికి నేలమీద పెట్టిన కాళ్ళు అప్పటికింకా మంచమెక్కలేదు. ఆయన మాత్రం మంచం మీద దర్జాగా కూర్చుని, చిట్టి ఒకటో తరగతి అప్లికేషన్ నింపుతున్నారు. అక్షరాలు గుండ్రంగా రావాలని నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టుకుని రాస్తారు. మా క్లాసు పిల్లలూ అంతే.

"ఇక్కడ సంతకం పెట్టు."

దేన్నైనా చదవకుండా సంతకం పెట్టలేను. టీచర్లకుండే రోగం. తండ్రి వృత్తి దగ్గర గడి చాలక పక్కకు కూడా రాశారు: మేనేజరు, కొరియర్ కంపెనీ, ప్రాంతీయ కార్యాలయం. తల్లి వృత్తి దగ్గర ఒక్కటే మాట. గృహిణి.

"ఇదేంటండీ? నేను ఉద్యోగం చేస్తున్నాను కదా, పదకొండేళ్ళ నుంచి!"

"గవర్నమెంటు బడి టీచరని రాస్తే ఏమడుగుతారో తెలుసా? మీ బడి మీద మీకే నమ్మకం లేదా, మా దగ్గరికెందుకొచ్చారు అంటారు. అప్పుడేం చెప్తావ్? పైగా ఇంట్లో ఉండే తల్లులున్న పిల్లలకే ముందు సీటిస్తారట. హోంవర్కు చేయించే మనిషి కావాలి కదా వాళ్ళకి."

తలుపు దగ్గర నిలబడ్డ అత్తగారు సర్దిచెప్పారు. "ఒక్క మాటేగా అమ్మా, రాస్తే అరిగిపోతావా? ఆ మాటకొస్తే నువ్వు చేసే చాకిరీ అంతా ఇంట్లోనే. బడిలో ఏముంది, కూర్చుని రావడమేగా." ఆవిడ నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నారు పాపం.

సంతకం పెట్టాను. ఎవరి బలవంతమూ లేదు. ఎందుకు పెట్టానో చెప్పాలంటే మా బడి సంగతి చెప్పాలి. ఒకటీ రెండూ తరగతులు ఒకే గదిలో, యాభైమూడు మంది పిల్లలు, నేనొక్కదాన్ని. ఆ యాభైమూడు మందికీ అక్షరాలు వస్తాయి. అది నా చేతి పని, నాకు గర్వమే. కానీ మా టీచర్లలో ఎవరి పిల్లలూ మా బడిలో లేరు. ఎవరి పిల్లలు ఎక్కడ చదువుతున్నారని స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ ఎవరినీ అడగరు. లెక్కల టీచరు మాత్రం ఒకసారి నవ్వుతూ అంది, "మనం హోటల్ వంటవాళ్ళం టీచర్. ఇక్కడ వండుతాం, ఇంటికెళ్ళి తింటాం." అందరం నవ్వాం. నేను కాస్త గట్టిగానే నవ్వాను.

బడికి ఒకటే మరుగుదొడ్డి. దానికెప్పుడూ తాళం. పిల్లలకిస్తే పాడుచేస్తారని, తనిఖీకి వచ్చేవాళ్ళకు శుభ్రంగా కనిపించాలని, తాళంచెవి హెడ్మాస్టరుగారి గదిలో మేకుకు వేలాడుతూ ఉంటుంది. టీచర్లం అడిగి తీసుకుంటాం. మగపిల్లలు గోడ వెనక్కి పోతారు. ఆడపిల్లలు నీళ్ళు తాగరు. పొద్దున నిండుగా తెచ్చుకున్న సీసాలు సాయంత్రం నిండుగానే ఇంటికి పోతాయి. మూడు దాటాక వాళ్ళు బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని అటూ ఇటూ కదులుతుంటే ఎందుకో నాకు తెలుసు. తెలిసీ "కుదురుగా కూర్చోండి" అనేదాన్ని. చిట్టిని ఆ బెంచీ మీద ఊహించుకున్న ప్రతిసారీ ఆ తాళం కళ్ళముందుకొచ్చేది. నా సంతకం ఆ తాళానికి భయపడి పెట్టినది.

మర్నాడు అత్తగారికి ఒంట్లో బాగోలేదని సెలవు చీటీ పంపాను. నిక్షేపంలా ఉన్న ఆవిడే మా ముగ్గురికీ టిఫిను డబ్బా సర్దారు. బయల్దేరుతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని చూశారు. "గోళ్ళలో ఈ సుద్దేంటి? కడుక్కునిరా." సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను.

ప్రిన్సిపాల్ గది చల్లగా ఉంది. ఆవిడ నెమ్మదైన మనిషి, చిట్టిని దగ్గరికి పిలిచి మంచిగానే మాట్లాడింది. నాన్న ఏం చేస్తారంటే చిట్టి గడగడా చెప్పింది.

"మరి అమ్మ ఏం చేస్తుంది?"

"అమ్మ ఇంట్లో ఉంటుంది" అని చెప్పమని ఆయన వారం రోజులుగా చాక్లెట్లు ఇచ్చి మరీ నేర్పించారు. కొత్త గదిలో, కొత్త మనిషి ముందు పిల్లకు ఆ వాక్యం గుర్తురాలేదు. వాళ్ళ నాన్న మొహంలోకి చూసింది. నా మొహంలోకి చూసింది. అర్థమైనంతవరకు చెప్పేసింది.

"అమ్మ ఏమీ చెయ్యదు."

ఆయన పకపకా నవ్వారు. ప్రిన్సిపాల్ కూడా నవ్వింది. నన్ను నవ్వమన్నారు కదా, నేనూ నవ్వాను.

తర్వాత ఆవిడ పుస్తకం తెరిచి చదవమంది. చిట్టి రెండు చేతుల వేళ్ళూ కలిపి చిన్న కిటికీలా చేసి, ఆ సందులోంచి ఒక్కో మాటా చూస్తూ చదవడం మొదలుపెట్టింది. మాట మీద మాట పడి పిల్లలు బెదిరిపోకుండా నేను క్లాసులో అట్టముక్కకు కిటికీ కోసి ఇస్తాను. ఇంట్లో నా చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయి కాబట్టి, వంటింటి గడపలో కూర్చోబెట్టి చిట్టికి వేళ్ళతో నేర్పాను. కూరలు తరుగుతూ, గిన్నెలు తోముతూ నేర్పాను. పిల్ల పేజీ అంతా ఆగకుండా చదివింది.

"భలే చదువుతోందే! ఈ పద్ధతి ఎవరు నేర్పారండీ?"

"నేనేనండీ" అన్నారాయన. "ఆఫీసు నుంచి రాగానే గంటసేపు కూర్చోబెడతాను."

ఒళ్ళు మండిపోయింది. చిట్టి నా వైపే చూస్తోంది, నేనిప్పుడు చెప్తానని. నేను చెప్పలేదు.

సీటు ఇచ్చారు. ఆవిడే బడంతా తిప్పి చూపించింది. ఆడపిల్లలకు విడిగా నాలుగు మరుగుదొడ్లు, పిల్లల ఎత్తుకు సరిపోయేలా కుళాయిలు, తలుపుల మీద చేపల బొమ్మలు. చిట్టి ఒక్కో తలుపూ తీసి చూసి గంతులేసింది. కుళాయి కింద దోసిలి పట్టి కడుపునిండా నీళ్ళు తాగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇలాంటి తలుపుల కోసం తల్లి ఏ అబద్ధం మీదైనా సంతకం పెడుతుంది.

తిరిగొస్తూ అద్దె కారులో ఆయన ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా ఫోన్లో అందరికీ చెప్పుకుంటున్నారు. వెనక చిట్టి నా చెవి దగ్గర మూతి పెట్టింది.

"అమ్మా, నేను తప్పు చెప్పానా?"

"లేదమ్మా."

"మరి కిటికీ నువ్వే కదా నేర్పావు. ఎందుకు చెప్పలేదు? ఆ మేడమ్ అంటే నీకు భయమా?"

ఆరేళ్ళ పిల్లకు ఏం చెప్పను? భయం మేడమ్ అంటే కాదనీ, ఇంట్లో మాట పెరుగుతుందనీ చెప్పనా? ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు కొట్టిన పిండి. పుట్టింట్లో ఊరుకుంటే మంచిపిల్ల అన్నారు, అత్తింట్లో ఊరుకుంటే ఇంటికి దీపం అన్నారు. బడిలో ఊరుకుంటే మంచి టీచరని హెడ్మాస్టరుగారు నా దస్త్రంలో రాశారు. ఆ రోజంతా చిట్టి మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. అమ్మ ఏమీ చెయ్యదు. మొదట దాన్ని ఆయన చేయించిన అబద్ధమనుకుని కుమిలాను. తర్వాత ఆ నిండు సీసాలు గుర్తొచ్చాయి. పదకొండేళ్ళలో ఆ తాళంచెవి నా కోసం వందలసార్లు అడిగి తీసుకున్నాను, పిల్లల కోసం ఒక్కసారి కూడా అడగలేదు. పిల్ల చెప్పినదాంట్లో అబద్ధమేముంది?

సోమవారం పొద్దున, చివరి సంతకానికి వాళ్ళు తిప్పి పంపిన అప్లికేషన్ కాగితాన్ని ఆయన మళ్ళీ నా ముందు పెట్టారు. గృహిణిని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన ఉపాధ్యాయిని అనీ, మా బడి పేరూ రాసి ఇచ్చాను.

"నీకేమన్నా పిచ్చెక్కిందా? సీటు పోతుంది!"

"పోతే పోనివ్వండి. నా పనిని దాచుకుని చేర్చే బడి నా పిల్లకొద్దు. మా బడిలోనే చేరుస్తాను."

"మరుగుదొడ్డికి తాళం వేసే బడి అని నువ్వే చెప్పావు కదే! సొంత కూతుర్ని తీసుకెళ్ళి అందులో పడేస్తావా?"

అత్తగారు నెత్తి కొట్టుకున్నారు. "పిల్ల బతుకుతో పంతాలా అమ్మా?" ఆవిడ అడిగినదాంట్లో తప్పులేదు. నేను చేస్తున్నది తప్పేమోనని నాకూ భయంగానే ఉంది, ఇప్పటికీ ఉంది. ఆయన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి వెళ్ళిపోయారు. చిట్టి ఆ చేపల తలుపుల కోసం ఏడ్చింది. ఏడుస్తున్న పిల్ల చెయ్యి పట్టుకుని బడికి నడిపించుకుపోయాను.

హెడ్మాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని మరీ చూశారు. "మీ పాపా టీచర్? ఇక్కడికా?" తర్వాత ఏదో అర్థమైనట్టు లేచి, మేకు మీది తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. "మీ దగ్గరే ఉంచుకోండి. మీ పాపకు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయండి. మిగతావాళ్ళకు తెలియనివ్వకండి, అంతే."

ఆయనది మంచితనమే. ఇన్నేళ్ళూ నేను అలాంటి మంచితనం నీడలోనే చల్లగా కూర్చున్నాను.

చిట్టిని మొదటి వరసలో కూర్చోబెట్టి, వెళ్ళి తాళం తీసి, తాళమూ తాళంచెవీ రెండూ నా సంచిలో వేసుకున్నాను. మధ్యాహ్నానికల్లా సంజాయిషీ అడుగుతారని తెలుసు. రాసివ్వడానికి తెల్లకాగితాలు తెచ్చుకునే ఉన్నాను.

క్లాసులోకి వచ్చి, హాజరు పిలవకముందే, ఆడపిల్లలందరినీ సీసాలు తీసి నీళ్ళు తాగమన్నాను.